గాటు దాకా నూనె

పుల్ల పొడిగా వచ్చింది.

సువర్ణ దాన్ని చీరచెంగుతో తుడిచి, కారులో కాళ్ల కింద ఉండే చెక్కను పక్కకు తీసిన చోట, గేరుపెట్టె మూతిలోకి మళ్లీ దించింది. ఆ వెదురుపుల్లకు బెత్తెడు ఎత్తున ఆమె భర్త జీవానందం కత్తితో పెట్టిన గాటు ఉంది. నూనె ఎప్పుడూ ఆ గాటును తాకుతూ ఉండాలి. ఈసారి గాటు మాట అటుంచి, పుల్ల కొసైనా తడవలేదు.

“వాడు బండి జోలికి వెళ్లొద్దని చెప్పిపోయాడు కదే,” అంది అరుగు మీద కూర్చున్న అత్తగారు ఎస్తేరు.

“గేర్లలో చుక్క నూనె లేదత్తయ్యా. పొద్దున అంతలా ఊళ పెట్టింది అందుకే.”

పొద్దున పాకలోంచి ఇంటి ముందుకు తెచ్చిన ఆ కాస్త దూరానికే కారు పెట్టిన ఊళకు పెదపారుపూడి కుక్కలన్నీ బదులు పలికాయి. చిన్న కీచుమన్నా వంగి చూసే జీవానందం ఈసారి వంగలేదు. మధ్యాహ్నం తనిఖీ ఆఫీసరును గుడివాడ నుంచి వెంటబెట్టుకుని వస్తానని, ఈలోగా బండిని ముట్టుకోవద్దని, ఆమె ముఖం చూడకుండానే చెప్పి సైకిలెక్కాడు.

ఆ తిప్పుకున్న ముఖంలో సువర్ణకు నిరాశే కనిపించింది. అలా అనుకోవడానికి కారణం ఉంది. కిందటేడు ఇలాంటి తనిఖీలోనే ఇదే ఊరి కాంతారావు నడిపే బస్సు పనికిరాదని రోడ్డెక్కకుండా ఆపేశారు. స్టీరింగు పట్టిన కాంతారావు ఇప్పుడు బియ్యం మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. పాలేరుతనం చేసి మామగారు కొన్న అరెకరం అమ్మి, బందరు ప్లీడరొకాయన వాడి వదిలేసిన ఈ పాత కారును జీవానందం కొన్నాడు. నేల పోయి కారు వచ్చింది. కారు కూడా పోతే ఇక ఆ ఇంట్లో పోవడానికి మిగిలేది మనుషులే.

మరి నూనె ఏమైనట్టు? నేల మీద మరక లేదు. కాబట్టి కారింది ఇంటి దగ్గర కాదు, దారిలో. నిన్న సాయంత్రం గుడివాడ నుంచి రాగానే, ఇంజను వేడి చల్లారకముందే, జీవానందం కారు కిందికి దూరాడు. ఏమైందని అడిగితే ఏం లేదన్నాడు. చేతులు మాత్రం బూడిదతో చాలాసేపు తోముకున్నాడు. వదులైన మరను బిగించి ఉంటాడు. పోయిన నూనె స్థానంలో పోయడానికి నూనె ఎక్కడిది? యుద్ధం మొదలయ్యాక బందరు కొట్లలో కూడా గేరునూనె దొరకడం లేదు. భార్య బెంగపడుతుందని ఆ మాట చెప్పి ఉండడు. ఇలా ఒక్కొక్క కారణాన్నీ ముడివేసుకుంటూ వచ్చిన సువర్ణకు, ఆ ముడుల్లో ఎక్కడా వదులు కనిపించలేదు.

మిల్లుకు పరుగెత్తింది. ఇంజను చూసే మనిషి తమకే లేదన్నాడు. కోమటి కొట్లో దీపానికి సరిపడా ఆముదం చూపించారు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. చివరికి, ఎద్దులబండి ఇరుసుకు రాసే కందెన గుర్తొచ్చి పశువుల పాకలోకి నడిచింది.

“కారుకు కందెన పూస్తావా? కాస్త గడ్డి కూడా వెయ్యి, అదే లాగుతుంది,” అంది ఎస్తేరు.

కందెన దొరకలేదు. గడ్డిమోపుల వెనక, మూతికి గుడ్డ కట్టిన కుండ దొరికింది. గుడ్డ విప్పేసరికి గుప్పున గేరునూనె వాసన వచ్చింది. నల్లగా, చిక్కగా ఉంది. సువర్ణ మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేసింది.

“ఎప్పుడో మార్చిన పాతనూనె అత్తయ్యా. పారేయకుండా దాచి, మరిచిపోయినట్టున్నారు.”

“వాడు కాదు, ప్రభువు దాచాడు,” అంది ఎస్తేరు. పరిహాసం ఆమె గొంతులోంచి పోయింది.

పాత పంచెను మడతలు వేసి వడగట్టారు. గరాటు పెట్టి పోశారు. కుండ ఖాళీ అయ్యాక సువర్ణ పుల్ల దించి తీసింది. నూనె గాటు దగ్గర ఆగింది. కొలిచి దాచినట్టు, కిందికి లేదు, పైకి లేదు.

అంతలోనే వ్యాను వచ్చింది. ఖాకీ దుస్తుల ఆఫీసరు, తాలూకా కచేరీ గుమాస్తా నరసింహారావు, వాళ్ల వెనక జీవానందం దిగారు. జీవానందం చూపు మొదట, పక్కకు తీసి ఉన్న చెక్క మీద, తరువాత అరుగు మీది ఖాళీ కుండ మీద, చివరికి భార్య చేతుల మీద పడింది. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. భయం లేదన్నట్టు సువర్ణ తలూపింది.

“గేర్లు పోయాయండి. ఎక్కువ దూరం నడవదండి,” అన్నాడు జీవానందం, ఎవరూ అడగకుండానే.

ఈ నిజాయితీయే కొంప ముంచుతుందని సువర్ణ ఒక అడుగు ముందుకు వేసింది. “లేదండీ, ఇప్పుడు బాగయిందండీ. తోలి చూడండి,” అంది.

“నువ్వు లోపలికెళ్లు సువర్ణా.”

ఆమె వెళ్లలేదు. ఆఫీసరే కారు ముందు హ్యాండిలు తిప్పి, ఇంజను స్టార్టు చేసి, కారెక్కి, కాలవగట్టు వెంట చర్చి దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఊళ లేదు, మూలుగు లేదు. గేరు మారిన చప్పుడైనా వినిపించలేదు. అతను సంతోషంగా దిగి, కారు ముందుభాగం మీద సుద్దతో పెద్ద గుర్తు వేశాడు. ఎస్తేరు స్తోత్రం చెప్పుకుంది. సువర్ణ రెండు చేతులూ జోడించింది.

జీవానందం మాత్రం దుమ్ములో చతికిలబడ్డాడు.

వ్యానులోంచి ఇంకో ఖాకీ మనిషి దిగి, హ్యాండిలు తీసుకుని, కారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. సువర్ణకు అర్థం కాలేదు.

“పాసైంది కదండీ,” అని గుమాస్తాను అడిగింది. “మరి బండి ఎక్కడికి తీసుకెళ్తున్నారండీ?”

నరసింహారావు ఆమె నల్లబడిన చేతుల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నడవని బండినైతే యుద్ధానికి తీసుకోరమ్మా.”