పన్నెండు శాతం వాలు

తమ్ముడి చివరి ఫోన్ కొండ మీద పన్నెండు వందల మీటర్ల ఎత్తు నుంచి వచ్చింది. తొమ్మిదో రోజున వెతకడం ఆపేశారు. తనే వెళ్లి వెతుకుతానని అక్క కాళ్లావేళ్లా పడితే, "ముందు అంత ఎత్తు ఎక్కగలవో లేదో చూసుకో తల్లీ" అన్నాడు గైడు.

ఆమె నర్సు. ఆ రాత్రి డ్యూటీ అయ్యాక, ఎవరూ లేని ఫిజియోథెరపీ గదిలో ట్రెడ్‌మిల్ ఎక్కి వాలు పన్నెండు శాతానికి పెంచింది. వంద మీటర్లు పరిగెత్తితే పన్నెండు మీటర్లు ఎక్కినట్టు. అంటే పది కిలోమీటర్లు పరిగెత్తాలి.

ఎనిమిది కిలోమీటర్లు దాటాక చెవులు దిబ్బడ వేశాయి. తొమ్మిది దాటాక, కిటికీలన్నీ మూసిన ఆ గదిలో ఆమె ఊపిరి పొగలా కనిపించింది. కాళ్లు తేలిపోతున్నా ఆగలేదు. పది నిండింది.

"అక్కా, వచ్చావా?"

వెనక నుంచి వాడి గొంతే. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"వచ్చాన్రా! ఎక్కడున్నావురా?"

"నీ వెనకే. తిరిగి చూడకు, పడిపోతావు. చెయ్యివ్వు చాలు."

పరిగెడుతూనే ఆమె చెయ్యి వెనక్కి చాచింది. మంచుగడ్డలాంటి చెయ్యొకటి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"పద నాన్నా, ఇంటికి పోదాం" అంది.

ఇంకో చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. ఆ తర్వాత మూడోది.