మూడు పాయలు

"ఈ కంప్యూటర్ మనం బిగించింది కాదు కదా?" షాపు యజమాని అడిగాడు.

"కాదు సార్. ఎదురు షాపులో కొన్నారట. ఫ్యాను మోత చేస్తోందని మన దగ్గరికి తెచ్చారు," అన్నాడు దువ్వెన.

దువ్వెన అతని అసలు పేరు కాదు. కంప్యూటర్ పెట్టెలో వైర్లను ఒక్కొక్కటీ విడదీసి, దువ్వినట్టు వరసగా సర్ది కడతాడని షాపులో పెట్టిన పేరు. నెత్తిమీద ఒక్క వెంట్రుక లేని మనిషికి ఇదేం పేరని కొత్తవాళ్లు నవ్వుతారు. అతని పని చూశాక మాత్రం నోరు మూసుకుంటారు.

యజమాని పెట్టె వెనక పలక ఊడదీశాడు. రేకు అంచు బ్లేడులా ఉంది, చూపుడు వేలు చర్రున తెగింది. ఆయన పట్టించుకోలేదు. ముందు వైపు అద్దంలోంచి కనబడే వైర్లను ఎవరైనా అందంగానే కడతారు. వెనక మాత్రం ఎవరు చూడొచ్చారులే అని అన్నీ కుక్కేసి మూత బిగిస్తారు. ఇక్కడ అలా లేదు. ప్రతి వైరూ గీత గీసినట్టుంది. ప్లాస్టిక్ కట్ల కొసలు వేలికి గుచ్చుకోకుండా మొదలంటా కత్తిరించి ఉన్నాయి. పవర్ బటన్ నుంచి వచ్చే మూడు సన్నటి వైర్లను జడలా అల్లారు. ఆ జడకు కట్టు లేదు. మిగిలిన కొసను మడిచి, వెనక్కి తిప్పి, చివరి పాయ కింద దోపారు.

ఆయన ఆ కొసను చూడగానే గుర్తుపట్టాడు. అది తన షాపు పద్ధతి. ఇంట్లో భోజనాల బల్ల మీద కంప్యూటర్లు తయారవుతుంటే, తను సంచీ భుజాన వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి అమ్మిన రోజుల నుంచీ ఉన్న పద్ధతి. దువ్వెన కూడా ఆ బల్ల దగ్గర నేర్చుకున్నవాడే. ఇప్పుడు షాపులో ఆ అల్లిక వచ్చినవాడు అతనొక్కడే.

దువ్వెన వంగి చూశాడు. వైర్ల జడను వేలితో నిమిరాడు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చి పోయింది. యజమాని దాన్ని చూడనే చూశాడు.

"ఎవరి పని ఇది?"

"నాది కాదు సార్. నాకంటే బాగుంది."

"ఎవరిదో తెలుసా?"

దువ్వెన స్క్రూడ్రైవరు తుడవసాగాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న స్క్రూడ్రైవరు అది. "ఫ్యానుకి దుమ్ము పట్టింది సార్. దులిపితే చాలు," అన్నాడు.

ఆ సాయంత్రం భార్య ఆయన వేలు చూసి, ఏమైందని కూడా అడక్కుండా హ్యాండ్‌బ్యాగులోంచి ప్లాస్టర్ తీసి అంటించింది. ఆమె అప్పుడే కుట్టు క్లాసు నుంచి వచ్చింది. "నేనూ షాపుకొస్తానండీ, ఊరికే కూర్చోలేకపోతున్నా," అని కిందటేడు అడిగితే, "హాయిగా ఇంట్లో ఉండక నీకేం ఖర్మ?" అని ఆయనే నవ్వి కొట్టిపారేశాడు. అప్పటి నుంచీ మధ్యాహ్నాలు ఆ క్లాసుకు వెళ్తోంది. ఇంతవరకు ఒక్క జేబురుమాలు కుట్టిన పాపాన పోలేదు.

ఆయన సంగతంతా చెప్పాడు.

"పని అంత బాగుందా?" అంది.

"బాగుండకేం? మన పద్ధతే కదా. అదే నా ఏడుపు."

"మన పద్ధతి," అని ఆ మాటను మెల్లగా మళ్లీ అంది. "తొందరపడి అతన్నేమీ అనకండి. నిఖార్సయిన మనిషి."

"నిఖార్సయినవాడైతే నా మొహం చూసి చెప్పేవాడు."

అనుమానం ఒకసారి తలకెక్కితే దిగుతుందా? ఎదురు షాపు తెరిచి ఏడాది కాలేదు, ఆయన ఖాతాదారులు సగం మంది అటు వెళ్లిపోయారు. అక్కడ కనబడేది కౌంటరు మాత్రమే, కంప్యూటర్లు బిగించేదంతా వెనక వీధి గదిలో. ఎలాగా అని ఇన్నాళ్లూ తల బద్దలు కొట్టుకుంటే, ఇదీ అసలు కిటుకు. దువ్వెన టీకి లేస్తే ఈయన చూపు వెంట వెళ్లేది. అతని ఫోన్ మోగితే ఈయన చెవులు నిక్కబొడుచుకునేవి. చివరికి ఒక మధ్యాహ్నం, అట్టపెట్టెల గదిలో దువ్వెన ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే విన్నాడు.

"నా నోట రాదు లెండి. మీరు నిశ్చింతగా పని చేసుకోండి."

ఇంకేం కావాలి? యజమాని గదిలోకి వెళ్లి తలుపు వేశాడు.

"ఎదురు షాపులో చేస్తున్నావా?"

"లేదు సార్."

"అయితే చేసేదెవరో నీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పు."

"చెప్పను సార్."

"నా ఉప్పు తింటూ ఎవరిని కాపాడుతున్నావయ్యా?"

"మీ ఉప్పు తిన్నాను కాబట్టే చెప్పడం లేదు."

"అయితే రేపటి నుంచి రావద్దు."

దువ్వెన కత్తెర, పట్టుకారు, స్క్రూడ్రైవర్లు తుడిచి, బల్ల మీద వరసగా పేర్చి వెళ్లిపోయాడు. సొంత తమ్ముణ్ణి గెంటేసినట్టు అనిపించింది యజమానికి. అయినా పిలవలేదు.

మర్నాడు పొద్దున భార్య కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. ఆయన కాఫీ తాగుతూ, ఆమె వైపు చూడకుండానే చెప్పాడు.

"దువ్వెనని తీసేశాను."

ఆమె చేతులు ఆగిపోయాయి. "నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే వద్దంటావని. ఆ పని చేసేదెవరో తెలుసట. ఉద్యోగం పోతుందన్నా నోరు విప్పలేదు. అంత మొండితనమేమిటో నాకర్థం కావడం లేదు."

ఆమె మళ్లీ పాయలు అల్లసాగింది. పిల్ల రబ్బరు బ్యాండు అందించింది. ఆమె తీసుకోలేదు. మిగిలిన కొసను మడిచి, వెనక్కి తిప్పి, చివరి పాయ కింద దోపింది.

కాఫీ కప్పు ఆయన నోటి దాకా వెళ్లి ఆగింది.

"నాకు మాటిచ్చాడు, ఎలా చెబుతాడు?" అంది.