ఒక్క చుక్క నూనె

“ఇవాళ కూడా తుడవాలా బావా? పొద్దుట్నుంచి ఒక్క తూటా పేల్చలేదుగా నువ్వు,” అన్నాడు తౌనో, పొయ్యిలోకి కట్టె తోస్తూ.

“మంచులో తిరిగొచ్చింది. చెమ్మ ఉంటుంది,” అన్నాడు ఆర్విడ్ తలెత్తకుండా.

రైఫిల్ తూటాల పెట్టె ఊడదీశాడు. లోపల ఏ తూటా మిగల్లేదని వేలితో తడిమి చూసుకున్నాడు. కడ్డీకి గుడ్డపేలిక గుచ్చి, మసి కరిగించే సాల్వెంట్‌లో ముంచి గొట్టంలోకి తోశాడు. తర్వాత పొడి పేలిక. ఆ తర్వాత ఇంకోటి. ఇది సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ఒక తూటా పేలగానే రెండోది తనే ఎక్కించుకుంటుంది. లోపల ఏ మూల సాల్వెంట్ తడి మిగిలినా, నూనె ఎక్కువైనా, మిషిగన్ నవంబరు చలికి గడ్డకట్టి దాని కాళ్లూ చేతులూ కట్టేస్తుంది. తూటాని గొట్టంలోకి నెట్టే బోల్టు జారే గాడిలో ఒక్క చుక్క నూనె చాలు. తండ్రి నేర్పిన పద్ధతి. అరవై ఏళ్లుగా అదే చేస్తున్నాడు.

“గుడిసంతా గరాజ్ కంపు కొడుతోంది. కిటికీ తీస్తా,” అన్నాడు తౌనో.

ఆర్విడ్‌కి ఏ కంపూ తెలియలేదు. నాటకాలు, అనుకున్నాడు.

నూనె సీసాను దీపానికి ఎత్తిపట్టి చూశాడు. ఈ వేట కోసమే కొన్న కొత్త సీసా. రోజుకో చుక్క చొప్పున ఇవాళ్టికి ఐదు చుక్కలు పోవాలి. సగానికి దిగింది.

ఇంకెవరు పోస్తారు? గుడిసెలో ఉన్నది ఇద్దరే.

తౌనో ఆర్విడ్ భార్య హెల్మికి తమ్ముడు. హెల్మి పోయాక కూడా ఏటా ఈ వారం ఇద్దరూ ఇక్కడే గడుపుతారు. ఇద్దరి తండ్రులూ కలిసి పెట్టిన వేట గుడిసె ఇది. రూల్సూ వాళ్లవే. గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గోడకి మేకు కొట్టాలి. వరసగా రెండేళ్లు దుప్పిని కొట్టలేనివాడు వాగు పక్క మంచె వదులుకోవాలి. ఆ మంచె ఆర్విడ్ తండ్రి కట్టింది. నిరుడు కొమ్ముల దుప్పి ఎదురుగా నిలబడితే ఆర్విడ్ తుపాకీ పలకలేదు. ఈ ఏడూ ఖాళీ చేతులే. రేపే ఆఖరి రోజు.

మంచె ఎవరికి దక్కుతుందో వేరే చెప్పాలా?

వెచ్చని గదిలో పెడితే చెమ్మ పడుతుందని తుపాకుల్ని రాత్రిళ్లు బయటి వసారాలో ఉంచుతారు. మొదటి రోజే ఆర్విడ్ తన తల వెంట్రుక ఒకటి రైఫిల్ సంచి జిప్పుకి చుట్టాడు. తెల్లారేసరికి తెగి ఉంది. నాలుగు ఉదయాలూ అంతే. నిన్న తౌనో కోటు జేబులో చెయ్యి పెడితే, నూనె ఓడుతున్న పేలికలు గుప్పెడు దొరికాయి.

ఒక్కటే అర్థం కాలేదు. ఉదయాన్నే లాగి చూస్తే బోల్టు గాజు మీద జారినట్టు జారుతోంది. మూడో రోజు కాల్చినప్పుడు రెండు తూటాలూ వరసగా పేలాయి. తప్పింది గురి మాత్రమే. ఆలోచించగా ఆలోచించగా అదీ తేలిపోయింది. నన్ను నమ్మించడానికే ఇదంతా. అసలు పని ఆఖరి రాత్రికి దాచుకున్నాడు.

భోజనాల వేళ తౌనో మాంసం కూరిన పాస్టీలు వేడి చేశాడు. ఆర్విడ్ కాఫీ వంచుకుంటే సగం బల్ల మీద పడింది. తౌనో గుడ్డతో తుడిచాడు. ఎంత వినయమో, అనుకున్నాడు ఆర్విడ్. తిన్నాక రైఫిల్ సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు. దాన్ని తన ట్రక్కులో పెట్టి తాళం వేశాడు. ఉన్నది ఒక్కటే తాళంచెవి. తాడు కట్టి మెడలో వేసుకున్నాడు.

కాసేపటికి తౌనో కట్టెలకని వసారాలోకి వెళ్లాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

“బావా, నీ తుపాకీ ఏది?”

“నీకెందుకు?”

“ఊరికే. ఒకసారి చూసిస్తా.”

“చూసిస్తావా! నువ్వు నిక్కర్లు వేసుకునే రోజుల్లో తుపాకీ విప్పడం నీకు నేర్పింది ఎవడ్రా?”

“నువ్వే. కాదన్నానా?” తౌనో చూపు అతని మెడలోని తాడు మీద ఆగింది. “రేపు చలి ఎక్కువ, బావా. సున్నాకి పది కిందకి పోతుందట.”

“అయితే?”

తౌనో ఆర్విడ్ వేళ్లవైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“ఏం లేదు. పడుకో.”

దొరికిపోయినవాడి ముఖం అలాగే ఉంటుంది. ఈ వారంలో మొదటిసారి ఆర్విడ్ హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారుజామున తాళం ఊడలేదు. సంచి జిప్పుకి వెంట్రుక చుట్టినట్టే ఉంది. ట్రక్కులోంచి సంచి భుజాన వేసుకుని మంచె ఎక్కాడు. తూటాలు ఎక్కించాడు. చేతులు కొంకర్లు పోతున్నాయి. బోల్టు మొరాయించినట్టనిపిస్తే అరచేత్తో నెట్టాడు.

వెలుతురు పడ్డాక వాగు దాటి వచ్చింది, కొమ్ములకి ఎనిమిది మొనలున్న దుప్పి. ముప్పై అడుగుల దూరం. పక్కకి తిరిగి నిలబడింది. ఇంత దగ్గర అతని కళ్లకి కూడా తప్పే వీలు లేదు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

లోపల ఏదో నిద్రమత్తులో కదిలినట్టు కదిలి, ఆగిపోయింది. పేలలేదు.

బోల్టు లాగాడు. చలికి పేరిన తేనెలోంచి గరిటె లాగినట్టు వచ్చింది. బయటపడిన తూటా వెనక, పేల్చే సూది తగలాల్సిన చోట, చిన్న నొక్కు కూడా లేదు. గాడి నిండా పసుపుపచ్చని జిగురు. దుప్పి తల తిప్పి అతన్ని ఒకసారి చూసి, తొందరేం లేకుండా పొదల్లోకి వెళ్లిపోయింది.

“తౌనో!” అని పళ్లు కొరికాడు. చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లింది. చొక్కా లోపల తాళంచెవి వెచ్చగా తగిలింది.

ఆ ఒక్క రాత్రే తౌనో తుపాకీని ముట్టుకోలేదు.