కొంకిపురుగుల మందు

"నేను తాగను గాక తాగను!"

సుబ్బరాయుడు మగ్గం గుంటలోంచి కాళ్ళు బయటికి తీయకుండానే మొండికేశాడు.

కుళ్ళాయమ్మ మందు గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుంది. వట్టి కాళ్ళతో నీళ్ళు మోసుకొచ్చి బిందె దించిన ఆయాసం ఇంకా తీరలేదు. ధర్మవరంలో అంత పేరున్న నేతగాడు, పెళ్ళాం మాట ఒక్కటీ వినడేమని ఆమెకు ఒళ్ళు మండింది. నయాపైసలొచ్చిన ఏడాది ఊళ్ళోకొచ్చిన డాక్టరు దగ్గరికి పొద్దున వెళ్ళొచ్చాడు. అప్పటి నుంచీ ఇదే వరస.

"డాక్టరేమన్న్యాడో మళ్ళా చెప్పు."

"కొంకిపురుగులంట. పేగుల్ని కరుచుకొని నెత్తురు తాగుతాండాయంట. వట్టి కాళ్ళతో బయలుకు పోతే పాదాల్లోంచి ఎక్కుతాయంట."

"హిందూపురం కిర్రుచెప్పులు లేందే నువ్వు గడప దాటవు గదా! నీకెట్ల ఎక్కినాయి?"

"నన్నడిగితే? పురుగుల్నడుగు."

"అవి నెత్తురంతా తాగేస్తే నేనేం గావాల? తాగప్పా!" ఆమెకు నిజంగానే భయమేసింది.

"ఆ కంపు చూడు. నువ్వయితే తాగుతావా?"

"నాకెందుకు? పెనుకొండ కోటగోడ మాదిరి ఉండా. ఆస్పత్రి గడప తొక్కిందాన్ని కాదు, ఇంగ తొక్కను గూడా."

"అయితే నేనూ తాగను."

పిల్లలకు ఆముదం పట్టేటప్పుడు ముందు తాను చప్పరించి, తియ్యగా ఉందని నమ్మించడం కుళ్ళాయమ్మకు అలవాటు. గ్లాసెత్తి ఓ గుక్క వేసింది. మొహం మాత్రం చిట్లించలేదు.

"పానకం మాదిరుండాది."

"పెదాలు తడుపుకుంటే తాగినట్లా?"

ఇంకో గుక్క వేసింది.

"గుటక కనపడలా."

ఆమెకు రోషం ముంచుకొచ్చింది. ముక్కు మూసుకుని గటగటా అడుగంటా తాగేసింది.

"సచ్చినానా? ఉండా గదా! ఇంగ నువ్వు..." అంటూ గ్లాసులోకి చూసి నాలుక్కరుచుకుంది. "అయ్యో, నీ మందంతా నేనే తాగేస్తినే!"

"కొంప ముంచితివి గదే," అని సుబ్బరాయుడు నుదురు కొట్టుకున్నాడు. "పోనీలే, రేపు ఇంకొకటి తెచ్చుకుంటా. నువ్వు రోంత బెల్లం నోట్లో వేసుకో."

కుళ్ళాయమ్మ తనను తానే తిట్టుకుంటూ లోపలికి పోయింది. సుబ్బరాయుడు అడ్డపోగు నడిపే నాడె అందుకుని కూనిరాగం తీస్తూ నేతలో పడ్డాడు.

ఆమె ఆయాసం సంగతి విని డాక్టరు ఆ మందు ఇచ్చింది కుళ్ళాయమ్మకే.