నలభై నాలుగు వేగన్లు

రామతులసి కేబులు పీకి నేలకేసి కొట్టింది.

"కేబులేటి సేసిందమ్మా, పాపం?" అన్నాడు గుమ్మంలో కూర్చున్న ముసలాయన.

ఆమె సంచీలోంచి ఇంకో కేబులు తీసింది.

బచేలి కొండ మీద, గని బురదనీళ్ళ చెరువు గట్టున, ఆ ఒంటిగదిలో ఆమెకిది మూడో రోజు. కింద గెస్ట్‌హౌసులో పలకరించే దిక్కు లేదు. వంటాయన పొద్దున "నాష్తా", రాత్రి "ఖానా" అంటాడు. అంతటితో ఆ రోజుకి మాటలైపోతాయి.

పైకి తెచ్చి దింపిపోయే జీపు డ్రైవర్ సన్న కాక, ఇక్కడ తెలుగు మాట్లాడేది ఈ ముసలాయనొక్కడే. పేరు పైడయ్య. గంటకోసారి లేచి, వాకీటాకీ పుచ్చుకుని గట్టు మీదకి వెళ్ళొస్తాడు. వాచ్‌మన్ కాబోలు అనుకుంది. అంతకు మించి అడగాలనిపించలేదు.

ఆమె తెచ్చిన డబ్బా చెరువులో నీటిమట్టం చూసి, ఆ అంకెల్ని నిమిషానికో ప్యాకెట్‌గా కట్టి కింద కంట్రోల్ రూముకి పంపాలి. పంపుతోంది కూడా. కింద కంప్యూటరే పారేస్తోంది. ప్రతి ప్యాకెట్ చివరా చెక్‌సమ్ అని రెండు బైట్లు, అంటే రెండు చిన్న సంఖ్యలు, ఉంటాయి. పంపిన అంకెలు దారిలో చెడిపోలేదని చెప్పే లెక్క అది. కింద కంప్యూటర్ తనూ ఆ లెక్క కట్టి చూస్తుంది. కలవకపోతే నిర్దాక్షిణ్యంగా అవతల పడేస్తుంది. ఏం లాభం, డబ్బాకి నోరైతే ఉంది గానీ మాటే చెల్లడం లేదు.

కేబులు మార్చింది. యాంటెన్నా మార్చింది. పిడుగుల వల్లేమోనని ఒక పూటంతా మబ్బుల్ని తిట్టుకుంది.

పైడయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"సల్లారిపోతాదమ్మా."

"వద్దు తాతా. దయచేసి నన్ను కాసేపు వదిలెయ్యండి."

ఆయన లేచి వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడు.

కాసేపటికి ఆమెకే సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది. ఎవరూ లేని చోట ఏడిస్తే ఏం పోయిందిలే అనుకుంది. ఆయన ఉన్న సంగతే మర్చిపోయింది.

"ఏటమ్మా? ఏటైంది?"

"రేపు శుక్రవారంలోగా ఇది కుదరకపోతే నా ఉద్యోగం పోతుంది తాతా. విశాఖ నుంచి ఫోన్ చేసి చెప్పేశారు. నాన్న మంచంలో ఉన్నాడు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

పైడయ్య ఒకసారి చెరువు వైపు చూసి, ఆమె వైపు తిరిగాడు.

"నీ డబ్బా సెప్పేవన్నీ తప్పేనా? అప్పుడప్పుడైనా ఒప్పొస్తందేటి?"

"రోజంతా కలిపి ఐదో, ఆరో వస్తాయి. వాటితో ఏం పని?"

"నాను రైల్వేలో ఉన్నప్పుడమ్మా, బండికి వేగన్లెన్నో పై టేసనుకి ఫోన్లో సెప్పీవోడ్ని. ఒక్కో అంకీ ఇడగొట్టి సెప్పాల. కొత్తగా ఒకాయనొచ్చినాడు. రోజూ తప్పు, తప్పు అంటాడు. నానేమో పదులు ముందు సెప్తన్నాను, ఆయన ఒకట్లు ముందనుకుని రాస్కుంటన్నాడు. ఒక్కనాడు మాత్తరం ఒప్పన్నాడు."

"ఎందుకని?"

"ఆయేల బండికి నలభై నాలుగు వేగన్లమ్మా."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

గబగబా ల్యాప్‌టాప్ తెరిచింది. కంట్రోల్ రూము ఒప్పుకున్న ప్యాకెట్లు వెతికింది. ఒకదాని చివర 91, 91. ఇంకోదాని చివర 37, 37. ఒప్పుకున్న ప్రతిదాంట్లోనూ చెక్‌సమ్ బైట్లు రెండూ ఒకటే.

తమ కంపెనీ రాసిన ప్రోగ్రాము ఒకట్ల లాంటి చిన్న బైటు ముందు పంపుతోంది. కింద కంప్యూటరు పదుల్లాంటి పెద్ద బైటు ముందొస్తుందని కూర్చుంది. ఇంతే. మూడు రోజులుగా తిట్లు తిన్న కేబులుకి గానీ, మబ్బులకి గానీ ఇందులో ఏ పాపమూ లేదు.

ఒక్క లైను మార్చింది.

"ఒప్పు!" అని అరిచింది. "తాతా, వరసగా అన్నీ ఒప్పే!"

"మంచిదమ్మా," అన్నాడు పైడయ్య. చల్లారిన టీ పారబోసి, మళ్ళీ వేడిగా పెట్టిచ్చాడు.

శుక్రవారం గని ఆఫీసు, డబ్బా సరిగ్గా పనిచేస్తోందని కాగితం మీద సంతకం పెట్టింది. ఆనందంలో ఆమెకి కొండెక్కి చెప్పి రావాలని తోచలేదు. ఆదివారం తోచింది. గీదం సంతకెళ్ళి ఆయన కోసం ఒక శాలువా కొంది. సోమవారం పొద్దున్నే జీపెక్కింది.

గదికి తాళం ఉంది.

"వాచ్‌మన్ ఏడీ సన్నా?" అని డ్రైవర్ని అడిగింది.

"ఈడ వాచ్‌మన్ ఎవరున్నరు మేడం?"

"అదే, పైడయ్య తాత."

"ఆయన వాచ్‌మన్ ఏంది! గంట గంటకి చెర్వు నీళ్ళు కొలిచి కిందికి చెప్పేటోడు. పదకొండేండ్ల సంది ఈ గదిలనే ఉండె. ఇప్పుడు మీ డబ్బా చెప్తున్నది కద, ఆయనతోని పని లేదన్నరు. శనివారం పాసింజరెక్కి పోయిండు."

"ఏ ఊరు?"

"ఎవరికి తెల్సు మేడం? ఎవరూ లేరంటుండె. మీతోని తెలుగులో మంచిగ మాట్లాడుతుండె కద, మీకు చెప్పలేదా?"

ఆమె శాలువా ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. మూడు రోజులు ఎదురుగా కూర్చున్న మనిషిని ఊరి పేరైనా అడగలేదు.

"డబ్బా వస్తే తన పని పోతుందని... ఆయనకి ముందే తెలుసా సన్నా?"

సన్న జీపు తాళం చేతిలో తిప్పుతూ చెరువు వైపు చూశాడు.

"తెల్వకేంది మేడం? శుక్రవారం దాకా మీ డబ్బా కుదరకపోతే దాన్ని వాపస్ పంపి ఆయన్నే ఉంచుతమని, గని ఆఫీసు సాబ్ మా అందరి ముందట్నే ఆయనకి మాటిచ్చిండు."