ఆఖరి ఐదు గుడ్లు

ఇంక్యుబేటర్ మీద అంకె మళ్ళీ తగ్గింది. ముప్పై ఐదు డిగ్రీలు.

టైలరమ్మ పెట్టె మీద దుప్పటి కప్పి, మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"దారిలో ఉన్నానండీ" అన్నాడు వాడు. గంట క్రితమూ ఆ మాటే అన్నాడు.

పెట్టెలో ఐదు సిల్కీ కోడి గుడ్లున్నాయి. ఇవాళ ఇరవయ్యొకటో రోజు. రెండు గుడ్లకు పగుళ్ళు వచ్చాయి. లోపల పిల్లలు కీచుకీచుమంటున్నాయి గానీ పొద్దున ఉన్నంత జోరు లేదు.

ఈ ఐదూ పోతే ఆమె తెల్ల పుంజు వంశం ఇంతటితో సరి.

గేటు చప్పుడైంది. పనిముట్ల సంచీ అయినా లేకుండా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడా రావడం? రండి, రండి! చెప్పులు అక్కడ విడవండి."

"అమ్మా, నేను ఒక్క మాట చెప్పి పోదామని..."

"మాటలు తర్వాత. ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి!"

నోరున్నవాళ్ళదే రాజ్యం. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

పెట్టె ముందు కూర్చుని, వైరు అటూ ఇటూ కదిపి చూశాడు. "నాకు ఈ మిషన్ల సంగతి తెలీదమ్మా."

"మరి ఆ మెకానిక్ మహానుభావుడు మిమ్మల్ని ఎందుకు పంపినట్టు?"

ఆయన అప్పటికే వరండా మూల తీగల గూటి వైపు చూస్తున్నాడు. అందులో ఒక తెల్ల పెట్ట ఒళ్ళంతా ఉబ్బించుకుని గుర్రుమంటోంది.

"దాన్నెందుకు అందులో పెట్టారు?"

"పొదుగు మాన్పించడానికి. గులకరాయి దొరికినా పొదుగుతానని కూర్చుంటుంది, పిచ్చిమొహం!"

"ఈ గుడ్లు దానికే ఇవ్వచ్చుగా?"

టైలరమ్మకి చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అయినా వెంటనే తల అడ్డంగా ఊపింది.

"కిందటిసారి ఇస్తే రెండు పిల్లల్ని పొడిచి చంపింది."

"వెలుతురులో పెట్టారా?"

"పట్టపగలే."

"గుడ్డ కప్పి, చీకట్లో ఒక్కొక్కటీ కిందికి తొయ్యాలి. మా అమ్మ అలాగే చేసేది."

అంకె ముప్పై మూడుకు వచ్చింది. ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. టైలరమ్మ నల్ల లైనింగ్ గుడ్డ తెచ్చి గూడంతా కప్పేసింది. పెద్దాయన అరచేతిలో మొదటి గుడ్డు పట్టుకుని లోపలికి చెయ్యి పెట్టాడు.

కోడి ఠపీమని పొడిచింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండోది, మూడోది... ఐదో గుడ్డు పెట్టి చెయ్యి బయటికి తీసేసరికి ఆయన వేళ్ళ మీద నెత్తురు.

ఇక చూస్తూ కూర్చోవడమే. భయం వేస్తే టైలరమ్మ నోరు ఊరుకోదు.

"ఈ పాపమంతా మా గోడ వెనకింటివాళ్ళది! మొహమైనా చూపించకుండా మున్సిపాలిటీలో కంప్లైంట్ ఇచ్చారు. పుంజు కూస్తే వాళ్ళకి నిద్ర పట్టట్లేదట! నోటీసు వస్తే ఏం చేస్తాను, మా తమ్ముడింటికి పంపాను. మూడో రోజే కుక్క నోట పడింది."

"పుంజు... లేదా?"

"లేదు. ఈ గుడ్లే మిగిలాయి."

ఆయన గూటి మీద గుడ్డ అంచు సర్దాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"కొందరికి తెల్లారుజామునే కాస్త కునుకు పడుతుందమ్మా."

"అంత నిద్ర కావాలంటే శాశ్వతంగా నిద్రపొమ్మనండి!"

ఆయన తల దించుకుని వేళ్ళు తుడుచుకున్నాడు.

గుడ్డ కింద కోడి ఒక్కసారి గట్టిగా గుర్రుమంది. కీచుకీచులు ఆగిపోయాయి.

"చంపేసింది!" టైలరమ్మ గుడ్డ లాగబోయింది.

"ఎత్తకండి." ఆయన అంచు గట్టిగా పట్టుకున్నాడు. "వెలుతురు పడితే నిజంగానే చంపుతుంది."

"చచ్చిపోతే మీరు తెచ్చిస్తారా?"

ఆయన అంచు వదల్లేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది.

అప్పుడు కోడి గొంతు మారింది. క్లుక్... క్లుక్... అని నెమ్మదిగా, లాలింపుగా.

"పిల్లని పిలుస్తోంది" అన్నాడాయన. ఇప్పుడు తనే గుడ్డ అంచు కొద్దిగా ఎత్తాడు.

కోడి రెక్క కింద తడితడిగా, నల్లటి ఒంటితో ఒక పిల్ల. కాలికి ఐదు వేళ్ళు, అచ్చం సిల్కీ జాతి. పక్కన ఇంకో గుడ్డు కదులుతోంది.

టైలరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీకేమివ్వాలో చెప్పండి."

"ఏమొద్దమ్మా. వీటిలో పుంజు పిల్ల తేలితే మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీ దగ్గరే ఉంచుకోండి, హాయిగా కూయనివ్వండి."

"కూస్తే ఆ వెనకింటి రాక్షసులు ఊరుకుంటారా?"

"ఊరుకుంటారు" అని ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కనీసం మంచినీళ్ళయినా ఇవ్వలేదని ఆయన వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

మూడో పిల్ల బయటపడుతుండగా మెకానిక్ ఆపసోపాలు పడుతూ వచ్చాడు.

"ఇప్పుడెందుకు నాయనా? నువ్వు పంపిన పెద్దాయన వచ్చి గట్టెక్కించి వెళ్ళాడు."

"నేనెవర్నీ పంపలేదండీ." మెకానిక్ తెల్లబోయాడు. "సందు చివర చొక్కా నిండా తెల్ల ఈకలతో ఎదురయ్యారు, ఆయనేనా? ఆయన మీ గోడ వెనకింటాయన కదండీ!"

టైలరమ్మ గోడ వైపు తిరిగి చూసింది.

"వాళ్ళావిడ పోయి పది రోజులైంది. ఇందాక ఆవిడ మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్ విప్పడానికి వెళ్ళాను, దాన్ని అద్దెకిచ్చిన దుకాణంలో అప్పగించి వచ్చేసరికి ఆలస్యమైంది. 'ఇంక ఈ ఇంట్లో నిద్ర చెడేవాళ్ళెవరూ లేరు, పుంజుని తిరిగి తెచ్చుకోమని టైలరమ్మతో చెప్పొస్తాను' అని నా కళ్ళ ముందే మీ ఇంటికి బయల్దేరారండీ."