నాలుగో కిటికీ

ఆదివారం తెల్లవారి ఆరింటికి ఫెర్మిన్ బస్సు తీశాడు. ఏడు గంటల ప్రయాణం. వెనక నుంచి కిక్కురుమన్న చప్పుడు లేదు.

ఎలా ఉంటుంది? ముందురోజు సాయంత్రమే నాలుగు గోల్స్ తిని, ఒక్కటీ తిరిగి కొట్టలేక, వియాల్సేద ఊరి ఫుట్‌బాల్ జట్టు మొదటి డివిజన్ నుంచి జారిపోయింది. నలభై ఒక్క ఏళ్ళు కాచుకుని ఎక్కిన మెట్టు. తొమ్మిది నెలల్లో దిగిపోయారు. ముప్పై ఎనిమిది మ్యాచుల్లో గెలిచినవి ఐదు. ఏం సీజనండీ అది! సెప్టెంబరులో ఊరంతా పండగ. డిసెంబరుకి గొణుగుడు. ఫిబ్రవరికి రాళ్ళు.

రాళ్ళంటే ఒక్కటే రాయి లెండి. విసిరింది మాంసం కొట్టు లియోన్సియో. ఫెర్మిన్‌కి స్వయానా బావమరిది.

వియాల్సేదలో ఒక ఆనవాయితీ ఉంది. జట్టు పైఊరు వెళ్ళి ఆడి వచ్చినప్పుడల్లా, గెలిచినా ఓడినా, జనం స్టేడియం గేటు దగ్గర నిలబడి బస్సుకి ఎదురుచూస్తారు. తాతల నాటి నుంచీ ఇంతే. పెద్ద డివిజన్‌కి వెళ్ళినా సరే, నేనున్నంతకాలం బస్సు ఈ గేటుకే వస్తుందని క్లబ్ ప్రెసిడెంటు మైకు పట్టుకుని మాటిచ్చాడు కూడా. ఆ ఫిబ్రవరి ఆదివారం జట్టు ఆరు గోల్స్ తినొచ్చింది. బస్సు కనబడగానే లియోన్సియోకి ఒళ్ళు మండింది. నాలుగో కిటికీ భళ్ళున పగిలింది. గోల్‌కీపర్ ఉనాయ్ చెంపకి ఏడు కుట్లు పడ్డాయి.

క్లబ్ వాళ్ళు లియోన్సియో సభ్యత్వం పీకేశారు. స్టేడియంలో అడుగు పెట్టనివ్వలేదు. బస్సు కిటికీలన్నిటికీ మందపాటి తెరలు వేయించారు. ఫెర్మిన్‌కి ఒకటే ఆజ్ఞ. తెరలు తియ్యకు, గేటు బయట తలుపు తెరవకు, సరాసరి లోపలికి పోనియ్. అప్పట్నుంచీ అలాగే పోనిస్తున్నాడు.

లియోన్సియో ఈ మూడున్నర నెలల్లో సగమైపోయాడు. కొట్లో ఒకటడిగితే ఇంకోటి కోసి ఇస్తున్నాడు. ఉనాయ్‌కి రెండుసార్లు ఉత్తరం రాశాడు, రెండుసార్లూ చింపేశాడు. మొహం చూసి చెప్పాల్సిన మాట కాగితం మీద రాస్తే ఏం బాగుంటుందని.

పదింటికి పెట్రోలు బంకు దగ్గర కాఫీకి ఆగాడు ఫెర్మిన్. దిగింది తనొక్కడే. కప్పు అందుకునేసరికి ఫోను మోగింది.

"ఎందాకా వచ్చావు బావా?"

"సగం దారి."

"వాళ్ళు పడుకున్నారా?"

"చప్పుడైతే లేదు."

ఊళ్ళోవాళ్ళంతా చర్చి నుంచి నేరుగా గేటు దగ్గరికే వస్తున్నారని చెప్పాడు లియోన్సియో. ఆదివారం పూట తాగే వెర్మూత్ వైను గ్లాసు ముందు ఒక్కడూ కూర్చోలేదట. తిట్టడానికి కాదట. అందరికీ తిట్టే ఓపిక కూడా అయిపోయిందట. పైగా ఉనాయ్ ఒప్పందం ఇవాళ్టితో సరి. రేపు ఏ క్లబ్‌కి పోతాడో, ఇక ఈ జన్మకి దొరకడు.

"ఒక్క నిమిషం ఆపు బావా. అతను దిగక్కర్లేదు. ఆ మాట అనేస్తే చాలు. నాకు ముద్ద దిగట్లేదు."

ఫెర్మిన్ ఏదో చెప్పబోయాడు. కాఫీతో పాటు మింగేశాడు. ఆపితే ఉద్యోగం పోతుందిరా అన్నాడు. అదీ నిజమే, పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది.

ఒంటిగంటకి బస్సు చర్చి మలుపు తిరిగింది. గేటు ముందు రెండువేల మంది. ఈలల్లేవు, కేకల్లేవు. పిల్లల్ని ఎత్తుకుని ఊరికే నిలబడ్డారు. చూసి చూసి అలసిపోయిన మొహాలు. ఫెర్మిన్ కాలు దానంతటదే బ్రేకు మీదకి పోయింది.

లియోన్సియో పండగ కోటు వేసుకుని వచ్చాడు. డ్రైవరు కిటికీలోంచి ఓ పొట్లం అందించాడు. "ఉనాయ్‌కివ్వు. మోర్సియా సాసేజిలు. నా చేత్తో చేశాను."

ఫెర్మిన్ పుచ్చుకున్నాడు.

"తలుపు తియ్యవా?"

"తియ్యలేనురా."

"పోనీ, అద్దంలోంచి వినబడుతుందా?"

ఫెర్మిన్ స్టీరింగు వంకే చూస్తూ అన్నాడు. "గట్టిగా చెప్పు."

లియోన్సియో నాలుగో కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెండు అరచేతులూ అద్దానికి ఆనించాడు.

"ఉనాయ్, ఆ రాయి వేసింది నేనే. తప్పయిపోయింది నాయనా. అద్దంలో ఆ చెంప చూసుకున్నప్పుడల్లా నన్ను తిట్టుకో. మా ఊరిని మాత్రం తిట్టుకోకు."

వెనకెక్కడో ఒక ముసలామె చప్పట్లు మొదలుపెట్టింది. పక్కవాళ్ళు అందుకున్నారు. కాసేపటికి రెండువేల జతల చేతులూ కలిశాయి. గెలిచిన ఐదుసార్లూ అంతలా కొట్టలేదు. లియోన్సియో సిగ్గుపడకుండా ఏడ్చేశాడు. తిరిగి డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చేసరికి అతని మొహం తేటపడి ఉంది.

"తెర కదిలింది బావా. విన్నాడు."

"విన్నాడులేరా. ఇంటికెళ్ళి ఏదైనా తిను."

బస్సు లోపలికి వెళ్ళింది. వెనకాల గేటు మూసేశారు. ఫెర్మిన్ ఇంజను ఆపి, పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరిలో ఆ అద్దం పగిలిన మర్నాటి నుంచీ ఆటగాళ్ళంతా విమానాల్లోనే తిరుగుతున్నారు. ప్రెసిడెంటు మాట పోకుండా ఫెర్మిన్ మూడున్నర నెలలుగా ఈ గేటుకి తోలుకొస్తున్నది ఖాళీ బస్సు.